లారీ క్రాంక్ షాఫ్టుతో దాగలి: ఇంజన్ స్క్రాప్‌లో ఏది పనికొస్తుంది, ఏది రాదు, ఎందుకు

ఇంజన్ మొత్తంలో అన్నిటికంటే బరువుండేది బ్లాక్, దాగలికి, అంటే కమ్మరి కాలిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మకి, అన్నిటికంటే పనికిరానిదీ అదే. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలామందికి ఆటోనగర్‌కి రెండుసార్లు ట్రాలీ మాట్లాడుకునే ఖర్చు మిగులుతుంది. ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకుని కత్తులూ కొక్కేలూ గేటు గొళ్ళాలూ చేసుకునే సరదా ఈమధ్య మనవాళ్ళలో కూడా కనిపిస్తోంది, కొలిమి ఏదోలా అయిపోద్ది, పాత బ్రేక్ డ్రమ్ముకి ఒక బ్లోయర్ తగిలించినా బొగ్గు మండుతుంది, సుత్తి ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా దొరుకుతుంది, ఆగిపోయేది దాగలి దగ్గరే. మంచి ఉక్కుతో చేసిన కొత్త దాగలి రేటు వింటే గుండె గుభేలుమంటుంది, చవగ్గా అమ్మేవాటిలో చాలావరకు ఉత్త పోత ఇనుము. అందుకే అందరి చూపూ స్క్రాప్ మీద పడుతుంది. అక్కడికెళ్ళి ఏది ఎక్కువ తూగితే అది తెచ్చేసుకుంటారు, తీరా నాలుగు దెబ్బలు కొట్టాక చెయ్యి జివ్వుమంటుంది కానీ ఇనుము మాత్రం సాగదు.

ముందు ఒక బొమ్మని బుర్రలోంచి తీసేయాలి. దాగలి అనగానే ఒక వైపు కొమ్ము, ఇంకో వైపు తోక, నడుం సన్నగా, పైన చదరపు కన్నం ఉన్న ఆకారమే గుర్తొస్తుంది, అది యూరప్ వాళ్ళ పద్ధతి. మన ఊళ్ళలో కమ్మరి దాగలి చూడండి, మొద్దులోనో నేలలోనో పాతేసిన నాలుగు పలకల ఇనుప దిమ్మ, పైన కనిపించేది అరచెయ్యంత కూడా ఉండకపోవచ్చు. హైవే పక్కన డేరాలు వేసుకుని గొడ్డళ్ళూ కత్తులూ చేసి అమ్మే రాజస్థాన్ వైపు సంచార కమ్మరోళ్ళు ఉంటారే, వాళ్ళదీ అంతే, నేలలో దిగ్గొట్టిన చిన్న దిమ్మ, ఆయన పట్టకారుతో ముక్క తిప్పుతుంటే ఆవిడ నిలబడి సమ్మెటతో దంచుతుంది, అరగంటలో లారీ కమాను పట్టా కాస్తా గొడ్డలైపోద్ది. కొమ్ము లేదని వాళ్ళ పనేం ఆగలేదు. కాబట్టి స్క్రాప్‌లో ఆ ఆకారం కోసం వెతకడం, లేకపోతే రైలు పట్టా ముక్కని గ్రైండర్‌తో చెక్కి చెక్కి కొమ్ము తేవడం, ఇవన్నీ షోకు. కావాల్సింది దెబ్బ కింద కదలకుండా నిలబడే దిట్టమైన లోహం.

ఇక్కడే మూడు విషయాలు కలగాపులగం అయిపోతుంటాయి, బరువు, గట్టిదనం, రీబౌండ్ అంటే కొట్టింది వెనక్కి లేవడం. మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు, కానీ దేని పని దానిదే.

బరువు లెక్క చాలా సింపుల్. కాలిన ఇనుము మెత్తగా ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బలో ఉన్న శక్తిలో కొంత ఆ ముక్కని సాగదీయడానికి పోతుంది, మిగతాది దాగలిని కిందకి తోయడానికి పోతుంది. దాగలి దేనికీ బిగించకుండా వదులుగా ఉందనుకుంటే, దాగలి బరువుని దాగలి సుత్తి రెండింటి మొత్తం బరువుతో భాగిస్తే ముక్కకి దక్కే వాటా వస్తుంది. కిలో సుత్తికి 10 కిలోల దాగలైతే 91 శాతం, 20 కిలోలైతే 95, 50 కిలోలైతే 98, అక్కడినుంచి 100 కిలోలకి వెళ్ళినా 99 శాతమే. అంటే ఒంటి చేత్తో కొట్టే సుత్తికి వంద కిలోల కోసం ప్రాణం మీదకి తెచ్చుకోనక్కర్లేదు. అదే నాలుగు కిలోల సమ్మెటతో ఇంకో మనిషి కొడుతుంటే లెక్క మారిపోద్ది, 10 కిలోల దాగలి మీద 71 శాతమే పనికొస్తుంది, 20 మీద 83, 50 మీద 93. సుత్తికి యాభై రెట్లు దాగలి ఉండాలి అని పెద్దగా ప్రచారంలో ఉన్న మాట వెనక ఉన్నది ఇదే, అది కచ్చితమైన గీత కాదు, అక్కడికొచ్చేసరికి లాభం సన్నగిల్లిపోతుందని అర్థం.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఆ బరువంతా దెబ్బకి సరాసరి కింద, ఒకే ముద్దగా ఉందనుకుని వేసిన లెక్క ఇది. సన్నటి గోడల మీద నిలబడ్డ బరువు, పక్కకి వేలాడే బరువు, మధ్యలో వంగే భాగం ఉన్న బరువు ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే దెబ్బ పడగానే మధ్యలో ఉన్న సన్నభాగం వంగి ఊగుతుంది, దాని వెనకున్న బరువుకి కదిలే అవసరమే రాదు. రైలు పట్టాని పడుకోబెట్టి కొడితే మోత మోగిపోద్ది కానీ పని జరగదు, అదే ముక్కని నిలువుగా నిలబెట్టి పై చివర మీద కొడితే దాని బరువంతా దెబ్బ కిందకొస్తుంది. ఆ చివర అంగుళాల్లోనే ఉంటుంది నిజమే, కానీ సుత్తి ముఖం కూడా అంతే కదా, సుత్తి ముఖానికి రెట్టింపు జాగా ఉంటే కత్తి పని అయిపోద్ది.

గట్టిదనం సంగతి వేరే. మంచి దాగళ్ళ పైముఖం గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 50 పైన ఉంటుందని చదివి, స్క్రాప్ ముక్కని కూడా ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఇరవై ముప్ఫై కిలోల ఉక్కు ముద్దని 840, 850 డిగ్రీల దాకా లోపలంటా ఒకే వేడికి తేవడం, తెచ్చినా దాన్ని గొలుసుకి కట్టి ఎత్తి ముంచడం, ముంచినా ఆ వేడి లాగేసేంత నీళ్ళు ఉండటం, ఇంటి దగ్గర అయ్యే పని కాదు, పగుళ్ళిచ్చినా ఇస్తుంది. అంత అవసరం కూడా లేదు. మీరు కొట్టే ఇనుము 1000 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, ఆ వేడి దగ్గర దానికుండే బలం చల్లటి మామూలు ఉక్కు ముందు ఏ మూలకీ రాదు. దాగలికి గుంటలు పడేది వేడి ముక్క వల్ల కాదు, గురి తప్పిన సుత్తి వల్ల, చల్లారిపోయిన ముక్కని మొండిగా బాదడం వల్ల. ఈఎన్ 19, ఈఎన్ 24 లాంటి షాఫ్టులకి వాడే మిశ్రమ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గట్టిదనంతోనే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, గుంటలు పడితే గ్రైండర్‌తో ఓసారి చదును చేసుకోవడమే.

మూడోది రీబౌండ్. పాత బేరింగ్‌లోంచి ఒక గుండు తీసి, ముఖం మీద ఓ పాతిక సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. మంచి దాగలి మీద అందులో 70 శాతం పైన వెనక్కి లేస్తుంది, పోత ఇనుము మీద సగం కూడా లేవకపోవచ్చు, వెల్డింగ్ సరిగా అతకని పలక మీద అయితే టప్‌మని ఆగిపోద్ది. గుండు లేవడమే మన పని కాదు, నిజంగా కాలిన ముక్క మీద సుత్తి పెద్దగా లేవదు, కానీ ఈ పరీక్ష లోపల శక్తిని ఏదో మింగేస్తోందా లేదా అన్నది చెప్పేస్తుంది, షాపువాడు ఏం చెప్పినా గుండు అబద్ధం చెప్పదు. స్క్రాప్ షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో ఒక గుండు, ఒక చిన్న ఆకురాయి ఉంటే సగం పరీక్ష అక్కడే అయిపోద్ది.

ఇప్పుడు ఇంజన్ విప్పుదాం. బ్లాక్ బరువైతే బోలెడు, ఆరు సిలిండర్ల లారీ బ్లాక్ ఇద్దరు మనుషులు పట్టినా కదలదు, కానీ లోపల నీళ్ళు తిరగడానికి అంతా బోలు, గోడల మందం చాలాచోట్ల అరంగుళం కూడా ఉండదు. పైగా అది బూడిద రంగు పోత ఇనుము, మూడు శాతం పైన కార్బన్, అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకులుగా లోపల పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు ఇంజన్‌కి వరం, అదురుని మింగేస్తాయి, చప్పుడు తగ్గిస్తాయి, దాగలికి అదే శాపం, మీ దెబ్బని కూడా అలాగే మింగుతాయి. నొక్కితే ఎంతైనా భరిస్తుంది కానీ వంచినా లాగినా ఆ రేకుల దగ్గరే పగులు మొదలవుతుంది, అంచు మీద దెబ్బ పడితే పెచ్చు ఊడి కంట్లోకి రావడానికి ఎంతోసేపు పట్టదు. కొత్త కార్ల బ్లాకులైతే చాలావరకు అల్యూమినియం, వాటి గురించి మాట్లాడుకోవడమే దండగ. సిలిండర్ హెడ్డూ అంతే.

ఫ్లైవీల్, అంటే క్రాంక్ వెనక కొసకి బిగించే బరువైన చక్రం, చూస్తే నోరూరుతుంది, గుండ్రంగా, మందంగా, ఒక వైపు నున్నగా మిషన్ చేసి ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఎక్కువ లారీల్లో అదీ పోత ఇనుమే, చుట్టూ ఉన్న పళ్ళ రింగు మాత్రం ఉక్కు, వేడి చేసి బిగించింది. పడుకోబెట్టి కొడితే చెక్క మీద కొట్టినట్టే చచ్చిన చప్పుడు. అడుగున బరువు కోసం వాడుకోండి, దాగలి మొద్దుకి పీఠంలా బాగా పనికొస్తుంది, పైముఖంగా మాత్రం వద్దు.

పోత ఇనుము మీద ఉక్కు పలక వేసేస్తే సరిపోదా అంటారు. సరిపోతుంది, అతుక్కునే తీరుని బట్టి. 19వ శతాబ్దంలో అమెరికాలో ఫిషర్ వాళ్ళు చేసింది అదే, పోత పోసేటప్పుడే అచ్చులో ఉక్కు పలక పెట్టి దాని మీద కరిగిన ఇనుము పోసి రెండూ ఏకమయ్యేలా చేశారు, ఆ దాగళ్ళు మోత తక్కువని పేరు తెచ్చుకున్నాయి, ఇప్పటికీ అక్కడ వాటిని వెతికి కొనుక్కుంటారు. మనం చేసేది అది కాదు కదా, ఫ్లైవీల్ మీద పలక పెట్టి చుట్టూ అంచుల్లో మాత్రం వెల్డింగ్ కొడతాం, వెల్డింగ్ చల్లారేటప్పుడు అంచుల్ని లాగేస్తుంది, మధ్యలో పలక వెంట్రుకంత పైకి లేస్తుంది. కింద సిమెంటు నిండకుండా అతికించిన టైల్ని వేలితో కొడితే ఎలా డొల్లగా పలుకుతుందో, ఇది కూడా సరిగ్గా మీరు కొట్టే చోటే అలా పలుకుతుంది. పోత ఇనుముకి మామూలు రాడ్డుతో వెల్డింగ్ కొడితే పక్కనే పగుళ్ళు రావడం ఇంకో తలనొప్పి.

అసలు హీరో క్రాంక్ షాఫ్ట్, పిస్టన్ల పైకీ కిందకీ కదలికని తిరుగుడుగా మార్చే వంకర ఇరుసు. కాకపోతే క్రాంకుల్లో కూడా రెండు జాతులున్నాయి. పెట్రోల్ కార్లలో చాలావాటికి పోత పోసినవి వస్తాయి, ఇది బ్లాక్‌లో ఉండే పోత ఇనుము కాదు, మెగ్నీషియం కలిపి గ్రాఫైట్‌ని రేకులుగా కాకుండా గుండ్రటి ముద్దలుగా మార్చిన రకం, 1940లలో అమెరికాలో కనిపెట్టారు, ఆటోనగర్లో ఎస్జీ ఐరన్ అంటారు. అంత తేలిగ్గా పగలదు, చిన్న పనికి ఫర్వాలేదు, కానీ కారు క్రాంక్ మొత్తం పది పదిహేను కిలోలు. లారీ, బస్సు, పెద్ద జనరేటర్ డీజిల్ ఇంజన్లలో మాత్రం సాధారణంగా సమ్మెట అచ్చులో దంచి చేసిన ఉక్కు క్రాంకులు వస్తాయి, ఆరు సిలిండర్లదైతే యాభై కిలోల పైమాటే.

రెండింటికీ తేడా కంటితోనే పట్టేయొచ్చు. క్రాంక్ పక్కభాగం, అంటే జర్నల్ (బేరింగ్‌లో తిరిగే నున్నటి గుండ్రటి భాగం) కాకుండా మిషన్ పెట్టని గరుకు భాగం మీద నిలువునా ఒక గీత ఉంటుంది, రెండు అచ్చులు కలిసిన చోటు. పోత క్రాంక్ మీద అది సన్నటి గీత, మిల్లీమీటరో రెండో వెడల్పు. దంచిన క్రాంక్ మీద వెడల్పాటి పట్టీలా ఉంటుంది, దంచినప్పుడు అచ్చు బయటకి పొంగిన ఉక్కుని కోసి గ్రైండింగ్ పట్టిన గుర్తు అది, వేలు పెడితే తగులుతుంది. అనుమానం ఉంటే చిన్న గ్రైండర్ తాకించండి, పోత ఇనుము రవ్వలు ఎర్రగా, పొట్టిగా వచ్చి అక్కడికక్కడే ఆరిపోతాయి, ఉక్కు రవ్వలు పొడుగ్గా తెల్లగా వెళ్ళి చివర చీలతాయి. తాడుకి వేలాడదీసి సుత్తితో తడితే కూడా దంచిన ఉక్కు గంటలా పలికి చాలాసేపు మోగుతుంది, ఎక్కడైనా పగులుంటే ఆ మోత రాదు.

దొరికే చోటు క్రాంక్ గ్రైండింగ్ షాపులు. క్రాంక్ అరిగితే పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) అంటూ అండర్ సైజుకి గ్రైండ్ చేస్తూ పోతారు, ఆఖరి సైజు కూడా దాటిపోయాక ఇక తుక్కే, ఆ షాపుల వెనక గోడకి అలాంటివి ఆనించి పెట్టేసి ఉంటాయి, ఇనుము రేటుకి కేజీల్లెక్కన ఇచ్చేస్తారు. పగుళ్ళు వచ్చినవి కూడా అక్కడే ఉంటాయి, పగులు ఎక్కువగా జర్నల్‌కీ దాన్ని పక్కదానితో కలిపే మందపాటి చెంపకీ కలిసే మూల దగ్గర వస్తుంది, మనం వాడే కొసకి దూరంగా ఉంటే నష్టం లేదు. రసీదు అడిగి తీసుకోండి. ఇంజన్ నంబరు బ్లాక్ మీద ఉంటుంది కానీ క్రాంక్ మీద ఉండదు, ఎక్కడిదని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ కాగితం ఒక్కటే దిక్కు.

క్రాంక్‌లో మనకి కావాల్సింది వెనక కొస, అంటే ఫ్లైవీల్ బోల్టులతో బిగించే ఫ్లాంజ్, చదునైన గుండ్రటి చక్కీ లాంటి భాగం. లారీ క్రాంక్ అయితే అరచెయ్యి కంటే వెడల్పుగా గుండ్రంగా, లేత్ మీద కచ్చితంగా చదును చేసి ఉంటుంది, దాని కిందే పెద్ద మెయిన్ జర్నల్. అది పైకి వచ్చేలా నిలబెట్టడమే ఐడియా. ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, ఆ ఫ్లాంజ్ మధ్యలో క్లచ్ షాఫ్ట్ కొస కూర్చునే బేరింగ్ కోసం గుంట ఉంటుంది, చుట్టూ మర ఉన్న బోల్టు కన్నాలు, అంటే చదునైన జాగా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రెండు, క్రాంక్ తిన్నటి స్తంభం కాదు, జర్నల్ తర్వాత చెంప, అక్కడినుంచి పక్కకి జరిగిన పిన్ను (కనెక్టింగ్ రాడ్డు పట్టుకునేది), మళ్ళీ చెంప, ఇలా వంకర్లు పోతుంది, వంకర ఉన్నచోట ఊగుతుందని ఇందాకే చెప్పుకున్నాం.

రెండో చిక్కు చూసినంత పెద్దది కాదు. డీజిల్ క్రాంకుల్లో జర్నళ్ళూ పిన్నులూ లావుగా ఉంటాయి, ఎదురుగా చూస్తే ఒకదాని గుండ్రం ఇంకోదాని గుండ్రంలోకి కొంత చొచ్చుకుని ఉంటుంది, కాబట్టి వంగడం తక్కువ. అయినా మొత్తం పొడుగు నిలబెట్టాల్సిన పని లేదు, వెనక జర్నల్‌కి కింద ఒకటో రెండో సిలిండర్ల మేర ఉంచి మిగతాది బ్యాండ్ సా మీద కోయించేయండి, కోసిన ముక్కలు వేరే పనులకొస్తాయి. ఆ చెంపలకున్న కౌంటర్ వెయిట్లు మందపాటి రెక్కల్లా ఉంటాయి కదా, పాతినప్పుడు అవే లంగరు వేస్తాయి, దాగలి తిరగదు, కదలదు.

మొదటి చిక్కుకి మందు ఆ కన్నాల్లోనే ఉంది. 150 మిల్లీమీటర్ల ఈఎన్ 24 రౌండ్ బార్ నుంచి 40 మిల్లీమీటర్ల మందం బిళ్ళ ఒకటి కోయించండి, హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట్ల చిన్న రౌండ్ బార్ తుంపులు కేజీల్లెక్కన దొరుకుతాయి, ఇది అయిదున్నర కిలోలు తూగుతుంది. ఫ్లాంజ్ అంతకంటే చిన్నదైతే బిళ్ళ కూడా దానికి తగ్గట్టే తిప్పించండి, బయటకి పొడుచుకొచ్చిన అంచు ఊగుతుంది. లేత్ మీద రెండు ముఖాలూ చదును చేయించి, ఫ్లాంజ్ కన్నాలకి సరిపోయేలా బోల్టులకి దారి పెట్టి, హై టెన్సైల్ అలెన్ బోల్టులతో బిగించాలి. బోల్టు తలలు ముఖం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికే ఉండాలి, పైకి ఉంటే కొట్టుకొట్టుకుని అణిగి తర్వాత ఊడి రావు. ఫ్యాక్టరీ వాళ్ళే చదును చేసిన ఫ్లాంజ్ మీద మీరు చదును చేసిన బిళ్ళ కూర్చుంటుంది కాబట్టి మధ్యలో గాలి ఉండదు, వెల్డింగ్ గొడవ మొత్తం తప్పిపోద్ది. బేరింగ్ గుంటలో దానికి సరిపడా ఉక్కు బిరడా ఒకటి లేత్ మీద తిప్పించి పై అంచుకి సరిసమానంగా దించేస్తే బిళ్ళకి నడిమధ్యలో కూడా ఆసరా దొరుకుతుంది. కొత్తల్లో బోల్టులు వదులవుతుంటాయి, చూసుకుని బిగిస్తుండాలి. ఒకటి రెండు కన్నాలకి బోల్టు పెట్టకుండా వదిలేస్తే వాటిలో మర వేసిన చిన్న పనిముట్లు బిగించుకోవచ్చు, కమాను పట్టా ముక్కతో చేసిన ఉలిలాంటివి.

వెల్డింగే చేస్తామంటే చేయొచ్చు కానీ ఈ ఉక్కులు వెల్డింగ్‌కి మొండివి. 250 నుంచి 300 డిగ్రీల దాకా ముందే వేడి చేయాలి, 7018 రకం వెల్డింగ్ రాడ్లు పొడిగా ఆరబెట్టి వాడాలి, అయ్యాక ఇసకలోనో బూడిదలోనో కప్పెట్టి మెల్లగా చల్లారనివ్వాలి, లేకపోతే ఆ రోజు బాగానే ఉండి మర్నాటికి పక్కన వెంట్రుకలాంటి పగులు కనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, క్రాంక్ లోపల ఒక జర్నల్ నుంచి ఇంకో పిన్నుకి ఆయిల్ వెళ్ళే దారులు ఏటవాలుగా తొలిచి ఉంటాయి, వాటిలో పాత ఆయిల్ గడ్డకట్టి ఉంటుంది, కడక్కుండా వేడి పెడితే పొగా మంటా రెండూ వస్తాయి. అలాగని బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి వెంటనే వెల్డింగ్ మొదలెట్టకండి, క్లోరిన్ ఉన్న రకాలకి ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడినది. డీజిలూ వైర్ బ్రష్షూ, తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వడం, ఇది చాలు.

మిగతా పార్టుల సంగతి టకటకా చెప్పేస్తాను. కనెక్టింగ్ రాడ్డు దంచిన ఉక్కే, ముఖానికి రాదు కానీ వైస్‌లో పట్టించి వంపులు తిప్పుకోవడానికి కొమ్ములా బాగా పనికొస్తుంది. పిస్టన్ పిన్ను పైపొర చాలా గట్టి, నున్నన, కన్నాల్ని గుండ్రంగా సాగదీయడానికి వాడుకోవచ్చు, ముఖం మీద సుత్తితో కొట్టొద్దు, పెచ్చు లేస్తుంది. క్యామ్ షాఫ్ట్ చాలావాటిల్లో పోతదే, వదిలేయండి. వాల్వులు మాత్రం చెయ్యి పెట్టొద్దు, కొన్ని ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కాడ బోలుగా ఉండి లోపల సోడియం ఉంటుంది, కోసినా కొలిమిలో పెట్టినా ప్రమాదమే, నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది.

ఇంజన్ భాగం కాకపోయినా లారీ స్క్రాప్‌లో నాకు క్రాంక్ కంటే నచ్చేది ఒకటుంది, వెనక చక్రం యాక్సిల్ షాఫ్ట్. ఓవర్‌లోడ్ బళ్ళలో ఇది సాధారణంగా లోపలి పళ్ళ వైపు తెగిపోతుంది, ఫ్లాంజ్ వైపు ముక్క పొడుగ్గా మిగులుతుంది, షాపు బయట పడేసి ఉంటాయి. నిలబెడితే తిన్నటి స్తంభం, వంకరే లేదు, ఫ్లాంజ్ మధ్యలో క్రాంకుకి ఉన్నంత గుంట కూడా ఉండదు. కాకపోతే సరిగ్గా షాఫ్ట్ మీద పడే నడిమధ్య భాగమే దాగలి, ఫ్లాంజ్ అంచు సన్నం కాబట్టి అక్కడ కొడితే ఊగుతుంది. బరువు కూడా తక్కువే, ఒక్కడే కూర్చుని చిన్న కత్తులు చేసుకునేవాడికి దీన్ని మించింది లేదు, సమ్మెట పనికి రాదు.

ఇంకా నిజం చెప్పాలంటే ఇంజన్ అనే మాట పక్కనపెట్టి, అదే 150 మిల్లీమీటర్ల ఈఎన్ 24 బార్ బిళ్ళగా కాకుండా అడుగు పొడుగు తుంపు తీసుకుని నిలబెడితే 40 కిలోల పైన ఒకే ముద్ద వస్తుంది, బోల్టుల్లేవు, వంకర్లేవు, గుంటల్లేవు, పై నుంచి కింద దాకా ఉక్కు. మీ ఊళ్ళో అలాంటి తుంపు స్క్రాప్ రేటుకే దొరికితే క్రాంక్ జోలికి వెళ్ళొద్దు. అంత పొడుగు తుంపు మామూలుగా దొరకదు, దొరికినా కొత్త ఉక్కు రేటు చెప్తారు, అందుకే ఈ క్రాంక్ కథంతా.

రైలు పట్టా గురించి ఒక హెచ్చరిక. విదేశీ వీడియోల్లో ప్రతివాడూ అడుగు రైలు ముక్కతో దాగలి చేసేస్తాడు, మన దగ్గర మెయిన్ లైన్ల మీద మీటరుకి 60 కిలోల పట్టాలు, అడుగు ముక్క 18 కిలోలు, నిలబెడితే మంచి సరుకే. కానీ రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకుంటే 1966 నాటి చట్టం కింద మొదటి నేరానికే అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు, అది సక్రమంగానే వచ్చిందని చూపించుకోవాల్సింది కూడా మనమే. వేలంలో కొన్న డీలర్ బిల్లు చేతిలో ఉంటే సరే, పాత సామాన్లవాడు గోనెసంచిలోంచి తీసిస్తే మాత్రం వద్దు.

పీఠానికి చింత మొద్దు. మటన్ షాపు వాళ్ళు వాడేది అదే, ఎన్ని దెబ్బలు పడినా చీలదు, దొరక్కపోతే నల్లతుమ్మ. నరం నిలువుగా ఉండాలి, మధ్యలో క్రాంక్ దిగేలా తొలిచి సందుల్లో పొడి ఇసక దట్టించి, పైన రెండు ఇనప పట్టీలు చుట్టండి. తొలవడం కష్టమనుకుంటే పాత ఆయిల్ డ్రమ్ముని సగానికి కోసి అందులో క్రాంక్ నిలబెట్టి ఇసక పోసి కూరుకుంటూ రావచ్చు, ఇసక మోతని కూడా చంపేస్తుంది, కాంక్రీటులో అయితే ఉక్కుని ఆనుకుని ఉన్నచోట అదురుకి మెల్లగా పగుళ్ళొస్తాయి, తర్వాత ఎత్తు మార్చుకోవాలన్నా కుదరదు. నిలబడి కొట్టేవాళ్ళు చెయ్యి కిందకి వదిలి పిడికిలి బిగిస్తే పిడికిలి ఎక్కడికొస్తుందో ముఖం అక్కడ ఉండాలి, సమ్మెట మనిషి కూడా ఉంటే ఇంకాస్త కిందకి. ఎత్తు ఎక్కువైతే సాయంత్రానికి భుజం చెప్తుంది, తక్కువైతే నడుం చెప్తుంది.

ముఖం అంచులు కత్తిలా వదిలేయకుండా గుండ్రంగా గ్రైండ్ చేయాలి, ఒక పక్క మూడు మిల్లీమీటర్లు, ఇంకో పక్క ఆరు. పదునైన అంచు మీద కాలిన ముక్క వంచితే లోపలి మూలలో గాటు పడి మడతలా మూసుకుపోద్ది, కత్తి తర్వాత అక్కడే విరుగుతుంది, పైగా దాగలి అంచు పెచ్చులూడేది కూడా అలాంటి చోటే. కళ్ళద్దాలు పెట్టుకోండి, చెవులకి ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి, ఇది సలహా కాదు, ఉక్కు మోత రోజూ వింటే చెవులు పోతాయి. సుత్తిని ఖాళీ దాగలి మీద టంగుటంగుమని కొట్టే అలవాటు కూడా మానుకుంటే మంచిది, రెండు గట్టి ముఖాలు నేరుగా తగిలితే ఏదో ఒకటి పెచ్చు ఊడుతుంది.

అంతా బిగించాక బేరింగ్ గుండు మళ్ళీ తీయండి. ముఖమంతా అంగుళం అంగుళం దూరంలో అదే ఎత్తు నుంచి వదులుతూ, ఎక్కడ తక్కువ లేస్తుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. బోల్టుల చుట్టూ, అంచుల దగ్గరా కొంచెం తగ్గడం మామూలే. నడిమధ్యలో తగ్గితే బిళ్ళ కింద చెత్తో, పొట్టో, సరిగా కూర్చోని బిరడానో ఉందన్నమాట, విప్పి తుడిచి మళ్ళీ బిగించాలి. సుద్ద గీసిన చోట్లు ముక్క తిన్నగా చేసుకోవడానికి, సాగదీసే దెబ్బలన్నీ గీయని చోట.